కొత్త కృతికి చోటెక్కడ?
పాకాల వెంకట రాజమన్నార్ స్మృతిలో అశోకా రోడ్, న్యూఢిల్లీలో చేసిన ప్రసంగ పాఠం



మనం కూర్చున్న ఈ అశోకా రోడ్డుకు పుస్తకాలతో పాత చుట్టరికం ఉంది. ఈ రోడ్డు జనపథ్‌ను దాటే కూడలి పేరు విండ్సర్ ప్లేస్. ఢిల్లీ ప్రపంచ పుస్తక ప్రదర్శన మొట్టమొదట జరిగింది అక్కడే. 1972 మార్చి 18న మొదలై ఏప్రిల్ 4 దాకా నడిచింది. ప్రారంభించినవారు అప్పటి రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి. ఇదే రోడ్డులో ఇండియా గేట్ వైపు చివర హైదరాబాద్ హౌస్ ఉంది. నిజాం కోసం లట్యెన్స్ గీసిన భవనం అది. దాని వెనకే మన ఆంధ్ర భవన్. ఊళ్ళో ఎవరిని అడిగినా భవన్ అంటే భోజనం గుర్తు చేసుకుంటారు. అందులో తప్పేమీ లేదు, మన అన్నం పదిమందీ మెచ్చుకుంటే సంతోషమే. కానీ మన నాటకం కోసం, మన పాట కోసం, మన కొత్త పుస్తకం కోసం కూడా ఈ గేటు ముందు జనం వరుసలో నిలబడే రోజు ఎందుకు రాలేదని ఈ సాయంత్రం అడగదలచుకున్నాను.

రాజమన్నార్ గారి పేరు మీద మాట్లాడుతున్నప్పుడు ఈ ప్రశ్న అడగకుండా ఉండటం కుదరదు. 1948 నుంచి 1961 దాకా ఆయన మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద ఆయన అధ్యక్షతన వచ్చిన నివేదికను ఇవాళ్టికీ రాజకీయ శాస్త్రం చదివేవాళ్ళు తిరగేస్తారు. ఇవన్నీ అందరికీ తెలిసినవి. ఆయన నాటకకర్త అన్న సంగతి మాత్రం తెలుగువాళ్ళలోనే చాలామంది మరిచిపోయారు. ఆయన రాసిన ‘తప్పెవరిది?’ నాటకాన్ని బళ్ళారి రాఘవ రంగం మీదికి తెచ్చారు. పద్యాలు, రాగాలు, కిరీటాలు రాజ్యమేలుతున్న కాలం అది. ఆ కాలంలో ఒక ఇంటి గదిలో, మామూలు మాటల్లో, మొగుడూ పెళ్ళాల మధ్య చిక్కుముడిని పెట్టి చూపించారు. ఆ నాటకం కొత్తది కాబట్టే రాఘవకు కావలసి వచ్చింది. అప్పటికే పేరు పడ్డ పాత్రలు ఆయన చేతిలో ఎన్నో ఉన్నాయి. అయినా ఆయన ఒక కుర్ర లాయరు రాసిన కాగితాలు తీసుకుని రిహార్సళ్ళు మొదలుపెట్టారు.

ఆ కుర్ర లాయరే తరువాత సంగీత నాటక అకాడమీకి మొదటి అధ్యక్షుడయ్యారు. 1953 జనవరి 28న పార్లమెంటు భవనంలో బాబూ రాజేంద్రప్రసాద్ ఆ అకాడమీని ప్రారంభించారు. రాజమన్నార్ గారి హయాంలోనే 1955లో సినిమా మీద, 1956లో నాటకం మీద, 1958లో నృత్యం మీద ఢిల్లీలో సదస్సులు జరిగాయి. నాటకానికి శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ ఒకటి ఉండాలన్న ఆలోచన ఆ చర్చల్లో బలపడి 1959లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాగా రూపు కట్టింది. స్వతంత్ర భారతదేశంలో నాటకం ఎక్కడ నేర్చుకోవాలి, నాట్యాన్ని ఎలా చూడాలి అన్న పెద్ద చర్చలకు తెలుగులో నాటకం రాసే మనిషి అధ్యక్షత వహించాడు. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన చరిత్ర. ఎందుకో చెప్పుకోము.

1958 నృత్య సదస్సు గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. అక్కడ కూచిపూడి గురించి విస్సా అప్పారావు గారు పత్రం చదివారు. కాంచనమాల నర్తించారు. కూచిపూడి శాస్త్రీయం కాదని ఆ సభ తోసిపుచ్చిందన్న కథ మనలో ఇంటింటా ఉంది. ఆ సభ కాగితాలు తిరగేసిన పరిశోధకులు మాత్రం అంత తిరస్కారం అక్కడ కనిపించలేదంటారు. నాకు కథ కన్నా ఆ కథ చేసిన పని ముఖ్యం. అవమానం నిజమైనా కాకపోయినా మనవాళ్ళు ఇంటికి వెళ్ళి ఊరుకోలేదు. మరుసటి ఏడాదే హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ తరపున బందా కనకలింగేశ్వరరావు గారు కూచిపూడి కోసమే ప్రత్యేకంగా సదస్సు పెట్టారు. 1961లో వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి కేంద్ర అకాడమీ అవార్డు వచ్చింది. కోరాడ నరసింహారావు గారి దగ్గర నేర్చుకున్న ఇంద్రాణీ రెహమాన్ ఆ నాట్యాన్ని విదేశాల వేదికల మీదికి తీసుకువెళ్ళింది.

ఆ తరువాతి ఘట్టం ఈ ఊళ్ళోనే జరిగింది. ఆదిలాబాద్ జిల్లా పల్లెల నుంచి వచ్చిన దంపతులు రాజారెడ్డి, రాధారెడ్డి ఏలూరులో వేదాంతం ప్రహ్లాదశర్మ గారి దగ్గర కూచిపూడి నేర్చుకుని ఢిల్లీ చేరారు. ఇక్కడ మాయారావు గారి దగ్గర కొరియోగ్రఫీ చదివారు. ఆమె సోవియట్ దేశంలో చదివి వచ్చిన మనిషి. మగవాళ్ళే ఆడవేషం కట్టే సంప్రదాయంలోంచి వచ్చిన నాట్యాన్ని ఒక ఆడా ఒక మగా జంటగా ఆడే రూపంలోకి వీళ్ళిద్దరూ ఢిల్లీలో మలిచారు. 1976లో నాట్య తరంగిణి పెట్టారు. కూచిపూడి అగ్రహారంలో పుట్టకపోయినా, తెలుగు రాని పిల్లలు తెలుగు పదాలకు అభినయం పట్టడం ఆ బడిలో ఇన్నేళ్ళుగా సాగుతోంది. వాళ్ళు ఇక్కడ చేసింది కొత్త కృతి. ఊరి నుంచి పట్టుకొచ్చిన వస్తువును అద్దాల బీరువాలో పెట్టి చూపించలేదు. ఢిల్లీ తెలుగు కళకు నేను చూసిన దారుల్లో అన్నిటికన్నా ఫలించింది ఇదే.

రేడియో కూడా ఈ జాబితాలోకే వస్తుంది. ఆకాశవాణి తెలుగు వార్తలు దశాబ్దాల పాటు పార్లమెంట్ స్ట్రీట్ నుంచి వెళ్ళాయి. సినిమాల్లోకి వెళ్ళక ముందు కొంగర జగ్గయ్య ఢిల్లీలో వార్తలు చదివారు. తెలుగులో మొదటి మహిళా న్యూస్ రీడర్‌గా జోలెపాళెం మంగమ్మ గారు పేరు పొందారు. పల్లెల్లో పంచాయతీ రేడియో ముందు కూర్చున్న మనిషికి స్పష్టమైన, తొట్రుపాటు లేని తెలుగు ఎలా ఉంటుందో ఢిల్లీ నుంచి వినిపించింది. ఇక్కడ తయారై అక్కడికి వెళ్ళిన తెలుగు అది.

ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఉగాదికి కవిసమ్మేళనం పెడతాం. సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఏడాదిలో రెండు మూడు సన్మానాలు. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి అతిథిని పిలుస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం. సన్మానం చెయ్యొద్దని నేను అనను. పెద్దవాళ్ళకు దండం పెట్టడం మన మర్యాద. కానీ శాలువా కప్పించుకున్న రచయిత ఆ రాత్రి రైలెక్కి వెళ్ళిపోతాడు. ఆయన రాసిన కొత్త పుస్తకం ఈ ఊళ్ళో కొనుక్కుందామంటే దుకాణం లేదు. ఆయన నాటకం రాస్తే ఆడే బృందానికి రిహార్సల్ చేసుకోను గది లేదు. ఖర్చంతా వచ్చిపోయే దారి మీద, భోజనాల మీద, ఫ్లెక్సీల మీద పోతోంది. రాయించడానికి, నేర్పడానికి, ఆడించడానికి పైసా మిగలదు.

ఇక్కడ స్కాట్లండ్ ప్రస్తావన తేవాలి. మనకు దూరపు దేశమే, అయినా బొత్తిగా పరాయిది కాదు. తెలుగు ఊళ్ళ కైఫీయతులు పోగుచేయించిన కాలిన్ మెకంజీ స్కాట్లండ్ వాయవ్యపు ద్వీపం లూయిస్‌లో, స్టోర్నోవే అనే రేవు పట్టణంలో పుట్టాడు. గేలిక్ మాట్లాడే నేల అది. ఆయన పని నిజానికి కావలి సోదరుల పని. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఊరూరా తిరిగి కరణాల నోట, పూజారుల నోట విని రాయించారు. మెకంజీ 1821లో పోయాక ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఆయనకు ఆ యోగ్యత లేదన్నారు. తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేయించాడు. పోగుచేసినవాడికి గౌరవం దక్కడం, పుట్టించినవాడు గుమ్మం బయట నిలబడటం మనకు అప్పటినుంచీ ఉన్న బాధ.

ఆ స్కాట్లండ్ పెద్ద రాజ్యంలో చిన్న భాగం. 2011 జనాభా లెక్కల్లో గేలిక్ మాట్లాడేవాళ్ళు 57 వేల పైచిలుకు. అదే ఏడాది మన లెక్కల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్లు దాటారు. అంకెల్లో మనకూ వాళ్ళకూ పోలికే లేదు. అయినా కొత్త కళ పుట్టించడంలో వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఉంది.

1973లో జాన్ మెక్‌గ్రాత్ అనే రచయిత 7:84 అనే బృందంతో ఒక నాటకం చేశాడు. కొండ ప్రాంతాల్లో రైతులను భూముల నుంచి వెళ్ళగొట్టి గొర్రెలను మేపిన కథ దగ్గర మొదలుపెట్టి, ఉత్తర సముద్రంలో చమురు దొరికిన కాలం దాకా వచ్చింది ఆ నాటకం. వ్యాన్‌లో సామాను వేసుకుని పల్లెల్లో ఊరి హాళ్ళలో ఆడారు. ఫిడేలు, పాట, హాస్యం, చివర అందరూ కలిసి నాట్యం, అంతా వాళ్ళ కేలీ అనే పాత ఊరుమ్మడి కచేరీ పద్ధతి. ఇది విన్న తెలుగువాడికి సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ గుర్తు రాకుండా ఉంటుందా? ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. నిషేధాలు వచ్చినా ఆడాయి. బుర్రకథకు నాజర్ కొత్త ఊపిరి పోసిన కాలం కూడా అదే. అంటే ఊరి రూపాన్ని తీసుకుని నేటి సంగతి చెప్పడం మనకు కొత్త కాదు, వాళ్ళ కన్నా పాతికేళ్ళ ముందే చేశాం. తేడా తరువాతి కాలంలో వచ్చింది. వాళ్ళు ఆ అలవాటును సంస్థగా మార్చుకున్నారు. మనం జ్ఞాపకంగా మార్చుకున్నాం.

1999లో ఎడింబరాలో వాళ్ళ పార్లమెంటు మళ్ళీ కొలువుదీరింది. ఆ తరువాత జాతీయ నాటక సంస్థ కావాలనుకున్నప్పుడు పాలరాతి మెట్ల భవనం కట్టుకోలేదు. సొంత నాటకశాల లేని సంస్థను పెట్టారు. డబ్బంతా నాటకం రాయించడానికీ ఆడించడానికీ వెళ్ళింది. 2006 ఫిబ్రవరిలో మొదటి ప్రదర్శన పేరు ‘హోమ్’. ఇల్లు అన్న ఒక్క ఆలోచన ఇచ్చి పదిచోట్ల పదిమంది దర్శకులతో పది నాటకాలు చేయించారు. షెట్లాండ్‌లో ఓడ మీద ఆడారు. గ్లాస్గోలో పేదలుండే ఎత్తైన ఫ్లాట్ల దగ్గర ఆడారు. మెకంజీ పుట్టిన స్టోర్నోవేలోనూ ఆడారు. అదే ఏడాది ఆగస్టులో ‘బ్లాక్ వాచ్’ వచ్చింది. ఇరాక్ యుద్ధానికి వెళ్ళివచ్చిన కుర్ర సైనికులతో రచయిత గ్రెగరీ బర్క్ మాట్లాడి, వాళ్ళ యాసలోనే, వాళ్ళ బూతులతో సహా రాసిన నాటకం. దర్శకుడు జాన్ టిఫనీ. ఎడింబరాలో సైనికుల పాత కవాతు శాలలో ఆడారు. రెజిమెంటు పాటలు, కవాతు, నాట్యం కలిసిన ఆ ప్రదర్శన దేశదేశాలు తిరిగింది. పదకొండేళ్ళ తరువాత గ్లాస్గోలో వాళ్ళు తమకంటూ ఒక చోటు ఏర్పరచుకున్నారు. అది కూడా రిహార్సళ్ళకూ సామాను తయారీకీ, ప్రేక్షకులను కూర్చోబెట్టే శాల కాదు.

సంగీతంలోనూ ఇంతే. 1994 నుంచి గ్లాస్గోలో ప్రతి జనవరి నెలలో కెల్టిక్ కనెక్షన్స్ ఉత్సవం జరుగుతుంది. పాత పాటలు పాడేవాళ్ళు వస్తారు, అదొక భాగం. దాంతోపాటు యువ సంగీతకారులకు ముందుగానే డబ్బిచ్చి కొత్త రచన చేయమంటారు, దాన్ని ఆ ఉత్సవంలోనే వినిపిస్తారు. మన త్యాగరాజ ఆరాధనల్లో ఎన్నిటికి ఈ ఆలోచన వచ్చింది?

ఢిల్లీ సభల్లో ఏ సాయంత్రం కచేరీకి వెళ్ళినా వినిపించేదాంట్లో ఎక్కువ భాగం తెలుగే. త్యాగయ్య, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య, అన్నమయ్య. శ్రోతల్లో మనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. ఈ సంగీతాన్ని ఈ ఊళ్ళో నిలబెట్టింది తమిళ రసికులు. వాళ్ళకు మనం చేతులెత్తి మొక్కాలి. బాలాంత్రపు రజనీకాంతరావు గారి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కు 1961లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వాగ్గేయకారుల చరిత్రకు అవార్డు ఇచ్చాం, బాగుంది. ఇవాళ కొత్తగా రచిస్తున్న వాగ్గేయకారుడికి ఎవరు కాగితం, కలం, తంబురా సమకూరుస్తున్నారు? మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగు స్వరాలతో లవంగి, మహతి వంటి రాగాలు కట్టినప్పుడు వీణ బాలచందర్ తీవ్రంగా వ్యతిరేకించారు. పెద్ద వాదం నడిచింది. నాకు ఆ వాదమే ఎంతో ఇష్టం. కొత్తది పుడితేనే ఎవరైనా పోట్లాడతారు. మన సభల్లో పోట్లాటలు కుర్చీల కోసం జరుగుతున్నాయి.

పుస్తకాల సంగతికి వస్తాను. తెలుగు కొత్త పుస్తకం ఏటా ఒకసారి సాహిత్య అకాడమీ అవార్డుతో ఈ ఊరికి వస్తుంది. మండీ హౌస్ దగ్గర కమానీ ఆడిటోరియంలో రాగిరేకు అందుకుంటుంది. 1955లో సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’తో మొదలైన వరస ఇది. ఈ మధ్య సంవత్సరాల్ని చూడండి. 2021లో గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’. పాట కట్టి గజ్జె కట్టి పాడే మనిషికి కవిగా అవార్డు. 2022లో మధురాంతకం నరేంద్ర ‘మనోధర్మపరాగం’. దేవదాసీల బతుకుల్లోంచి కర్ణాటక సంగీతాన్ని చూసిన నవల. 2023లో తల్లావజ్ఝుల పతంజలి శాస్త్రి ‘రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు’. మూడూ మూడు దారులు. తెలుగు సాహిత్యం నీరసించిందని నిట్టూర్చేవాళ్ళు ఈ మూడూ చదివి నిట్టూర్చాలి. ‘మనోధర్మపరాగం’ మీద ఈ ఊళ్ళో నాట్యం చేసేవాళ్ళూ, పాడేవాళ్ళూ, చదివేవాళ్ళూ ఒకచోట కూర్చుని రెండు రోజులు మాట్లాడుకోదగ్గ విషయం ఉంది. ఎవరి పాటను ఎవరు తీసుకున్నారు, ఎవరి పేరు చెరిపేశారు అన్న ప్రశ్నలు అందులో ఉన్నాయి. అవి సభల గోడలను కాస్త ఇబ్బంది పెడతాయి. పెట్టాలి కూడా.

యాస విషయంలో కూడా స్కాట్లండ్ అనుభవం మనకు దగ్గరది. 1994లో జేమ్స్ కెల్మన్ నవలకు బుకర్ వచ్చినప్పుడు, గ్లాస్గో కూలివాడి నోటిమాటతో రాసిన పుస్తకానికి ఈ గౌరవమా అని లండన్‌లో గగ్గోలు పుట్టింది. న్యాయనిర్ణేతల్లో ఒకరే బహిరంగంగా తప్పుపట్టారు. 2020లో అదే గ్లాస్గో పేదరికం నుంచి వచ్చిన డగ్లస్ స్టూవర్ట్‌కు బుకర్ వచ్చేసరికి ఆ గగ్గోలు లేదు. మనకు నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ చిత్తూరు యాసతో వచ్చినప్పుడూ ముఖం చిట్లించినవాళ్ళు ఉన్నారు, తెలంగాణ మాటను వేదిక మీద హాస్యానికి మాత్రమే వాడుకున్న రోజులూ ఉన్నాయి. ఆ రోజులు పోవడానికి రచయితలు చాలా కష్టపడ్డారు. ఢిల్లీలో తెలుగు నాటకం ఆడితే శ్రీకాకుళం, పాలమూరు, కడప మాటలు మూడూ ఒకే రంగం మీద వినపడాలని నా కోరిక. అన్ని జిల్లాలవాళ్ళూ పక్క పక్క ఫ్లాట్లలో ఉండే ఊరిది. ఆ సదుపాయం హైదరాబాదు తరువాత ఇక్కడే ఉంది.

నాటకం గురించి ఒక మాట చెప్పకుండా పోలేను. 1929లో తెనాలిలో మొదలైన ఆంధ్ర నాటక కళాపరిషత్తు వేసిన బాట మీద మనకు పరిషత్తు నాటకం అనే గొప్ప వ్యవస్థ పెరిగింది. ఏటా కొత్త నాటికలు రాస్తారు, ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు రిహార్సళ్ళు వేస్తారు, సొంత డబ్బుతో ఊళ్ళు తిరుగుతారు. వాళ్ళ నిష్ఠ ముందు నేను తల వంచుతాను. కానీ పోటీ కోసం రాసిన నాటిక జడ్జీల కోసం కొలతలు వేసుకుంటుంది. గంటలో ముగియాలి, కన్నీరు రావాలి, చివర్లో ఒక ప్రసంగం పడాలి. ఈ చట్రం బయట రాయడానికి రచయితకు తీరిక ఇచ్చేవాళ్ళు కావాలి. 1996 ప్రాంతంలో అలాంటి అవకాశం సురభికి వచ్చింది. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డైరెక్టరుగా పనిచేసిన బి.వి. కారంత్ 1885 నుంచి నడుస్తున్న ఆ కుటుంబ నాటక సమాజంతో కలిసి ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీదేవత యాదమ్మ’ చేయించారు. మూడోది బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపం. మాయాజాలపు తెరలు, తీగల మీద ఎగిరే దేవతలు తెలిసిన నటులు బస్తీ మనుషుల కథ ఆడారు. పాత విద్య, కొత్త రచన, మంచి దర్శకుడు, చాలినంత సమయం. ఈ నాలుగూ కలిస్తే ఏమవుతుందో అప్పుడు చూశాం. 2013లో సురభి బాబ్జీ గారికి పద్మశ్రీ వచ్చింది, సంతోషం. కారంత్ తరువాత అలాంటి ప్రయోగం ఇంకెన్ని జరగాలి!

ఇప్పుడు అసలు విన్నపం. ఈ అశోకా రోడ్డు దగ్గర రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి పంపకం 2024 మార్చిలో ఖరారైంది. సుమారు 19.78 ఎకరాల్లో ఆంధ్రప్రదేశ్‌కు 11.536, తెలంగాణకు 8.245 ఎకరాలు. గోదావరి బ్లాకు ఒకరికి, శబరి బ్లాకు మరొకరికి, పటౌడీ హౌస్ స్థలంలో ఇద్దరికీ భాగం. విడిపోయిన అన్నదమ్ములు ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకుంటారు. కట్టుకోనివ్వండి. కొత్త భవనాల నక్షాల్లో మంత్రుల గదులు, అతిథుల గదులు, సమావేశ మందిరాలు తప్పక ఉంటాయి. ఆ నక్షాలు తుదిరూపానికి రాకముందే మనం అడగవలసినవి చిన్నవి. నూటయాభై మంది కూర్చునే ఒక ఖాళీ గది అడుగుదాం, బిగించిన కుర్చీలు లేకుండా, నల్లటి గోడలతో, దీపాలు ఎటు కావాలంటే అటు తిప్పుకునేలా. పక్కన ఒక రిహార్సల్ గది రాత్రి పదింటి దాకా తెరిచి ఉండాలి. గేటు పక్కన పుస్తకాల దుకాణం ఉండాలి. భోజనానికి వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు పతంజలి శాస్త్రిని, వెంకన్నను కొనుక్కుని వెళ్ళాలి. ఆ గది రెండు రాష్ట్రాలదీ కావాలని కూడా అడుగుతాను. గోడ ఎవరి వైపు పడ్డా నాటకం అటూ ఇటూ ఆడవచ్చు.

గది కన్నా ముందు డబ్బు సంగతి. ఢిల్లీ చుట్టుపక్కల తెలుగు సంఘాలన్నీ తమ సన్మానాల ఖర్చులో సగాన్ని ఒక్క ఏడాది పక్కన పెడితే ముగ్గురికి పని ఇవ్వవచ్చు. ఒక నాటకకర్తకు ఆరు నెలలు. ఒక వాగ్గేయకారుడికి, లేదా వాగ్గేయకారిణికి, కొత్తగా ఒక కృతుల వరస కట్టమని. ఒక అనువాదకురాలికి ఈ ఊరి జీవితం మీద హిందీలోనో పంజాబీలోనో వచ్చిన మంచి నవలను తెలుగులోకి తెమ్మని. ఎంపికకు పెద్దల సిఫారసు వద్దు. రాసిన పేజీలు చూసి ఇవ్వండి. నచ్చకపోతే ప్రేక్షకులు చెబుతారు, వాళ్ళకు ఆ హక్కు ఉంది. నాటకం మొదటి ప్రదర్శన ఈ గది వచ్చేదాకా ఆగనక్కరలేదు. ద్వారకాలోనో, నోయిడాలోనో, ఏ అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాల్లోనైనా ఆడవచ్చు. స్కాట్లండ్ వాళ్ళకు ఓడ చాలింది.

ఈ విన్నపాన్ని ఉత్తరంగా రాసి తెచ్చాను. రెండు రాష్ట్రాల రెసిడెంట్ కమిషనర్లకూ విడివిడిగా పంపేది. సభ అయ్యాక బయట బల్ల మీద ఉంటుంది. చదివి, మార్పులు తోస్తే అంచున రాసి, సరేననుకున్నవాళ్ళు సంతకం చేయండి. నాటకాలు ఆడినవాళ్ళు, పాడేవాళ్ళు, నాట్యం నేర్పేవాళ్ళు తమ వృత్తి కూడా పేరు పక్కన రాయండి. ఆ గది ఎవరికి కావాలో అధికారులకు ఆ కాగితం మీదే కనపడాలి.